ఓఎక్స్ 9292 ఎక్కడుంది?

2023లో లోటస్ కార్ల కంపెనీకి 75 ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా కంపెనీ వాళ్లు, హిస్టారిక్ లోటస్ రిజిస్టర్ అనే అభిమానుల సంఘం వాళ్లు కలిసి లోకానికంతటికీ ఒక విన్నపం చేశారు. తమ మొట్టమొదటి కారు ఎవరి షెడ్డులోనైనా, ఎవరి గడ్డివాములోనైనా పడి ఉందేమో కాస్త చూసిపెట్టమని. ఆ కారు 1950 నవంబరులో అమ్ముడుపోయింది. మోటార్ స్పోర్ట్ పత్రికలో ప్రకటన చూసి ఉత్తర ఇంగ్లండ్ నుంచి ఎవరో వచ్చి కొనుక్కుపోయారు. ఆ తర్వాత దాన్ని చూసినవాళ్లు లేరు. మిగిలినవల్లా కొన్ని నలుపు తెలుపు ఫోటోలు. టాప్ లేని పెట్టెలాంటి బాడీ, సన్నటి చక్రాలు, ఓఎక్స్ 9292 అనే నంబరు ప్లేటు.

ఫార్ములా వన్‌లో ఏడుసార్లు కన్‌స్ట్రక్టర్స్ ఛాంపియన్‌షిప్ గెలిచిన సంస్థకు తన మొదటి కారు ఆచూకీ తెలియకపోవడం విడ్డూరంగానే అనిపిస్తుంది. కానీ దాన్ని కట్టిన మనిషి గురించి కాస్త తెలుసుకుంటే అంత విడ్డూరం కాదు. కోలిన్ ఛాప్‌మన్‌కి పాత కార్ల మీద మమకారం ఉండేది కాదు. తర్వాతి కారుకి డబ్బులు కావాలంటే ముందు కారు అమ్మెయ్యాలి, అంతే లెక్క. మెకానికల్ వాళ్లకే కాదు, సివిల్ వాళ్లకి కూడా ఈయన మనవాడే. ఎందుకో చదివితే తెలుస్తుంది.

ఆంథొనీ కోలిన్ బ్రూస్ ఛాప్‌మన్ 1928 మే 19న లండన్ శివార్లలోని రిచ్‌మండ్‌లో పుట్టాడు. తండ్రి స్టాన్లీ ఉత్తర లండన్‌లోని హార్న్సీలో రైల్వే హోటల్ నడిపేవాడు. హోటల్ అంటే మనలాగా ఇడ్లీ, కాఫీ కాదు. కింద బార్, పైన కాపురం. 1945లో కోలిన్ యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. అప్పటికే హేజెల్ విలియమ్స్ అనే అమ్మాయితో పరిచయం అయ్యింది, ఒక డాన్స్ దగ్గర. అతనికి అప్పుడు పదహారేళ్లు.

చదువుకుంటూనే పాత కార్ల వ్యాపారం మొదలుపెట్టాడు. క్లాస్‌మేట్ ఒకతన్ని కలుపుకుని లండన్‌లోని వారెన్ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ కార్లు కొనడం, తుడిచి తళతళలాడించి అమ్మడం. యుద్ధం అయిపోయిన కొత్తలో కొత్త కార్లు దొరికేవి కావు కాబట్టి వ్యాపారం బాగానే సాగింది. 1947లో ప్రభుత్వం సొంత వాహనాలకిచ్చే పెట్రోలు రేషన్ ఎత్తేసింది. పెట్రోలే లేకపోతే కారెవడు కొంటాడు? సరుకంతా నష్టానికి వదిలించుకున్నాక ఒక్క బండి మాత్రం ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయింది. అది 1920ల చివరి నాటి ఆస్టిన్ సెవెన్, 747 సీసీ ఇంజను.

దాన్ని హేజెల్ వాళ్ల ఇంటి వెనక, మజ్‌వెల్ హిల్‌లో ఉన్న గ్యారేజీలోకి తోసుకెళ్లాడు. పాత బాడీ పీకి అవతల పారేశాడు. ఇక్కడే స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పనికొచ్చింది. ఆస్టిన్ సెవెన్ ఛాసిస్ చూసినవాళ్లకి తెలుసు, అది రెండు సన్నటి ఉక్కు పట్టాలు ముందు దగ్గరగా, వెనక దూరంగా ఉండే ఏ ఆకారం. బురదలో, ఎగుడుదిగుళ్లలో అది మెలి తిరుగుతుంది. ఛాప్‌మన్ విమానాల పద్ధతిలో ఆలోచించాడు. ఒకవైపు అల్యూమినియం రేకు అతికించిన ప్లైవుడ్ తెచ్చి, అడ్డంగా బల్క్‌హెడ్‌లు నిలబెట్టి, చుట్టూ ఆ ప్లైవుడ్ బిగించాడు. బాడీ అంటే పైన కప్పే ముసుగు కాదు, బరువు మోసే భాగం కూడా అన్నమాట. మనం స్ట్రక్చర్స్ పేపర్లో స్ట్రెస్డ్ స్కిన్ అని రెండు మార్కుల ప్రశ్నకు రాసేది అదే. 1948లో కారు రోడ్డెక్కింది.

ఆ కారుతో ట్రయల్స్ అనే పోటీలకి వెళ్లేవాడు. వేగం కాదు అక్కడ ముఖ్యం, బురద కొండెక్కాలి. చక్రం జారిపోతుంటే పక్క సీట్లోవాళ్లు లేచి ఎగురుతూ వెనక ఆక్సిల్ మీద బరువు వేయాలి. ఆ ఎగిరే పని హేజెల్‌ది.

కారుకి లోటస్ అని పేరెందుకు పెట్టాడో అతను ఎవరికీ తేల్చి చెప్పలేదు. హేజెల్‌ని తామర మొగ్గ అని ముద్దుగా పిలిచేవాడనీ, అందుకేననీ ఒక కథ ప్రచారంలో ఉంది. మన భాషలో తామరకి ఇంకో అర్థం, అదీ చర్మానికి సంబంధించింది, ఉందని ఆయనకి తెలియకపోవడం మంచిదైంది.

ఇక చదువు సంగతి. లెక్కల పేపరు పోయింది. అవును, సప్లీ. తోటివాళ్లతో పాటు డిగ్రీ రాలేదు, 1949లో మళ్లీ ఆ పేపరు రాసి ఏడాది ఆలస్యంగా తెచ్చుకున్నాడు. మధ్యలో కొన్నాళ్లు రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో ఉన్నాడు, అక్కడ పర్మనెంట్ చేస్తామన్నా కాదని వచ్చేశాడు. తర్వాత బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలో ఉద్యోగం. పగలు ఉద్యోగం, రాత్రి కార్లు. మార్క్ 2 అయ్యింది, మార్క్ 3 మొదలైంది.

మార్క్ 3 గురించి ఒక మాట చెప్పి తీరాలి, ఎందుకంటే మనిషి తత్వం అందులో ఉంది. అది 750 మోటార్ క్లబ్ నడిపే రేసుల కోసం కట్టిన బండి. ఆస్టిన్ సెవెన్ భాగాలతో చవగ్గా రేసు కారు కట్టుకోవడం ఆ క్లబ్ ఉద్దేశం. ఆ ఇంజన్లో రెండేసి సిలిండర్లకు కలిపి ఒక్కో ఇన్‌టేక్ పోర్టు ఉంటుంది, ఒకదాని గాలి ఇంకోటి లాగేసుకుంటుంది. ఛాప్‌మన్ పోర్టు లోపలే అడ్డుగోడ పెట్టి విడదీసేశాడు. పైకి ఇంజను అదే, లోపల నాలుగు పోర్టులు. 1951లో ఆ కారు అందరినీ ఎంత దూరం వెనక్కి నెట్టిందంటే, క్లబ్ వాళ్లు ఆ పద్ధతినే నిషేధించారు. రూల్ బుక్కులో ఏం రాసుందో కాకుండా ఏం రాయలేదో చదవడం అతని అలవాటు. ఈ అలవాటు చివరిదాకా పోలేదు, మంచికీ చెడుకీ కూడా.

1952లో హేజెల్ ఇచ్చిన 25 పౌండ్ల అప్పుతో లోటస్ ఇంజనీరింగ్ మొదలైంది. వర్క్‌షాప్ ఎక్కడ? నాన్న హోటల్ వెనక ఉన్న పాత గుర్రాల సాలలో. అక్కడ పుట్టిన మార్క్ 6 ఛాసిస్ సన్నటి ఉక్కు గొట్టాల అల్లిక, స్పేస్‌ఫ్రేమ్. ఉత్త ఫ్రేమ్ బరువు 25 కిలోలు. ఇద్దరు కాదు, ఒక్కడే ఎత్తుకుపోవచ్చు.

దీన్ని కారుగా అమ్మలేదు, విడిభాగాలుగా అమ్మారు. అప్పట్లో బ్రిటన్‌లో కొత్త కారు మీద పర్చేజ్ ట్యాక్స్ గట్టిగా ఉండేది. భాగాలు కొనుక్కుని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. అయితే బిగించే విధానం రాసి ఇవ్వకూడదట. అందుకని లోటస్ వాళ్లు విప్పే విధానం రాసి ఇచ్చారనీ, కొన్నవాడు దాన్ని కింది నుంచి పైకి చదువుకునేవాడనీ ఒక కథ చెప్తారు. కథ ఎంత నిజమో గానీ ఛాప్‌మన్‌కి మాత్రం అతికినట్టు సరిపోయింది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కూడా ఇలా కిట్‌గా అమ్ముడుపోయిందే.

ఈ పన్ను గొడవ వల్లనే ఇంగ్లండ్‌లో ఇంటింటా కారు కట్టే ఉద్యమం ఒకటి లేచింది. సరిగ్గా అప్పుడే ఫైబర్‌గ్లాస్ చేతికందింది. రేకుని వంచాలంటే పెద్ద ప్రెస్సులు, డైలు, కోట్ల పెట్టుబడి. ఫైబర్‌గ్లాస్‌కి ఒక అచ్చు, గాజు పీచు చాప, బకెట్‌లో రెసిన్, బ్రష్షు చాలు. మన వర్క్‌షాప్‌లో ఎఫెక్ట్ సైకిల్‌కో, గో కార్ట్‌కో ముక్కు భాగం వేసినవాళ్లకి ఆ వాసన, ఆ దురద తెలుసు. 1950ల్లో ఆష్లీ, ఫాల్కన్, రాచ్‌డేల్, టొర్నాడో ఇలా ఎన్నో చిన్న కంపెనీలు ఫైబర్‌గ్లాస్ బాడీ షెల్స్ పోసి అమ్మాయి. పాత ఆస్టిన్ సెవెనో, పాత ఫోర్డ్ టెన్నో పదో పరకో పెట్టి కొని, మీది డొక్కు తీసేసి ఈ షెల్ దించితే చాలు, వీధిలో ఇటాలియన్ స్పోర్ట్స్ కారు తెచ్చినంత హడావిడి.

ఇప్పుడు ఆ కార్ల ఫోటోలు తాతల ఆల్బమ్‌లలోంచి బయటికొస్తుంటాయి. వెనక రాసి ఉండదు, కారుకి పేరుండదు. ఒకే షెల్‌ని ఒకడు గ్రిల్ మార్చి, ఇంకొకడు హెడ్‌లైట్లు కిందికి దించి, మరొకడు పైన టాప్ అతికించి వాడేవాడు. ఏ రెండూ ఒకలా ఉండవు. మరి గుర్తుపట్టడం ఎలా? ఇది ఇంజనీరింగ్ సమస్యే, కాస్త కూర్చుందాం.

బాడీని నమ్మకూడదు, అది మొదటి సూత్రం. కింద ఉన్నదాన్ని నమ్మాలి. ఫోటో పక్క నుంచి తీసిందైతే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి దూరం కొలిచి, దాన్ని టైరు ఎత్తుతో భాగించండి. ఫోటో ఎంత చిన్నదైనా, ఎంత పెద్దదైనా ఆ నిష్పత్తి మారదు. 1931కి ముందు ఆస్టిన్ సెవెన్ వీల్‌బేస్ 75 అంగుళాలు, తర్వాతి వాటికి 81. ఫోర్డ్ పాపులర్‌కి 90. వీటి అసలు టైర్ల ఎత్తు దగ్గరదగ్గర 26 అంగుళాలు. అంటే లెక్క 3 కన్నా కొంచెం తక్కువ వస్తే పాత ఆస్టిన్, కొంచెం ఎక్కువ వస్తే కొత్త ఆస్టిన్, మూడున్నర దాకా వస్తే ఫోర్డ్. చక్రాలు చిన్నవి మార్చి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. ఏటవాలుగా తీసిన ఫోటోలో వీల్‌బేస్ కుదించుకుపోతుంది కాబట్టి అక్కడా జాగ్రత్త.

తర్వాత వెనక కమాన్లు చూడాలి. లారీల కింద మనం చూసే కమాను కట్టలే ఇవి, కాకపోతే చిన్నవి. ఆస్టిన్ సెవెన్‌కి ముందు కమాను అడ్డంగా ఒక్కటే, వెనక మాత్రం ఛాసిస్ చివర నుంచి పొడుచుకొచ్చిన రెండు పావు కమాన్లు. ఆ కాలపు చిన్న ఫోర్డులకి ముందూ వెనకా కూడా అడ్డ కమానే. గడ్డిలో నిలబెట్టిన కారు ఫోటోలో తోక కింద చీకట్లో ఇది కాస్త కనబడిందంటే సగం కేసు తేలినట్టే. బానెట్ మీద ఉబ్బు, అద్దం ఫ్రేము ఏ మామూలు కారు నుంచి పీకి పెట్టారో, వెనక లైట్లు ఎవరివో, ఇవన్నీ తర్వాతి సాక్ష్యాలు. ఫైబర్‌గ్లాస్ అని ఎలా తెలుస్తుంది అంటే, మూలలు చూడండి. రేకు మనిషి సుత్తితో తయారుచేసిన మూల పదునుగా ఉంటుంది. అచ్చులోంచి ఊడిరావాలి కాబట్టి ఫైబర్‌గ్లాస్ మూల గుండ్రంగా ఉంటుంది, తలుపు చుట్టూ సందు కూడా వెడల్పుగా, వంకరగా ఉంటుంది. వెలుతురు పక్క నుంచి పడ్డ ఫోటోలో పైన నీటి అలల్లా చిన్న చిన్న సొట్టలు కనబడతాయి.

నంబరు ప్లేటు చూస్తే సరిపోతుంది కదా అనకండి. ఓఎక్స్ అనేవి బర్మింగ్‌హామ్‌కి కేటాయించిన అక్షరాలు. ఛాప్‌మన్ కారు తయారైంది లండన్‌లో. ప్లేటు చెప్పేది ఒక రిజిస్టర్‌లో ఎక్కడో ఒక వరస ఉందని మాత్రమే. 1970ల్లో బ్రిటన్ వాహనాల రికార్డులన్నీ స్వాన్సీలోని కంప్యూటర్‌కి మార్చాక, స్థానిక కౌన్సిళ్ల పాత లెడ్జర్లు చాలావరకు చెత్తలో కలిశాయి. పైగా ప్లేటు రెండు బోల్టుల పని. అందుకే మార్క్ 1 కోసం వెతికేవాళ్లు ప్లేటు మీద కాక ప్లైవుడ్ మీద, బల్క్‌హెడ్‌ల మీద ఆశ పెట్టుకోవడం తెలివైన పని అని నా ఉద్దేశం. పైన ఎవడో 1957లో ఫైబర్‌గ్లాస్ షెల్ దించి ఉంటే గనక, లోపలున్నది చరిత్ర అని యజమానికే తెలియకపోవచ్చు.

మళ్లీ మనిషి దగ్గరికొద్దాం. 1954లో కోలిన్, హేజెల్ పెళ్లి చేసుకున్నారు. 1955 జనవరిలో ఉద్యోగం మానేశాడు. వాన్‌వాల్ అనే జట్టు రేసు కారుకి ఛాసిస్ డిజైన్ చేసి ఇచ్చాడు, ఆ జట్టు 1958లో మొట్టమొదటి కన్‌స్ట్రక్టర్స్ ఛాంపియన్‌షిప్ గెలిచింది. వీటిని వేగంగా దాటేస్తున్నాను, ఎందుకంటే 1957 అక్టోబరులో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో పెట్టిన కారు దగ్గర ఆగాలి. దాని పేరు ఎలీట్.

అప్పటిదాకా అందరూ ఛాసిస్ ఉక్కుతో చేసి, పైన ఫైబర్‌గ్లాస్ తొడిగేవారు. ఛాప్‌మన్ ఛాసిస్సే తీసేశాడు. నేల, మధ్య భాగం, పై చర్మం, మూడు పెద్ద ఫైబర్‌గ్లాస్ అచ్చు ముక్కలు ఒకదానికొకటి అతికించి పెట్టెలు పెట్టెలుగా చేశాడు. ముందు ఇంజను, సస్పెన్షన్ కూర్చునే చోట ఒక ఉక్కు ఫ్రేము, విండ్‌స్క్రీన్ చుట్టూ ఒక ఉక్కు గొట్టం తప్ప మిగతా బరువంతా ఫైబర్‌గ్లాసే మోయాలి. ఉక్కుతో పోలిస్తే ఈ పదార్థం బరువు చాలా తక్కువ, కానీ సాగే గుణం చాలా ఎక్కువ. పలచటి పలకగా వాడితే ఊగిపోతుంది. పలక బిగువు మందం ఘనంతో పెరుగుతుంది కదా, అందుకని రెండు చర్మాల మధ్య ఖాళీ వదిలి పెట్టెలా చేస్తే బరువు పెరక్కుండా బిగువు వస్తుంది. మజ్‌వెల్ హిల్ గ్యారేజీలో ప్లైవుడ్‌తో చేసినదే ఇక్కడ గాజు పీచుతో చేశాడు. పదార్థం మారింది, ఆలోచన మారలేదు.

ఆ కారు ఆకారం గీసింది పీటర్ కిర్వన్ టేలర్ అనే అకౌంటెంట్ అంటే నమ్మాలి. జాన్ ఫ్రేలింగ్, రాన్ హిక్‌మన్ దాన్ని చెక్కారు. విమానాల ఏరోడైనమిక్స్ తెలిసిన ఫ్రాంక్ కాస్టిన్ సలహాలిచ్చాడు. డ్రాగ్ కోఎఫిషియంట్ 0.29. ఈనాటి కార్లలో కూడా ఆ అంకె రాని బళ్లు కోకొల్లలు. బరువు సుమారు 500 కిలోలు. ఇంజను 1216 సీసీ కోవెంట్రీ క్లైమాక్స్, దాని వంశం వెతికితే మంటలార్పే పంపు దగ్గర తేలుతుంది. చేత్తో మోసుకెళ్లే పంపు తేలిగ్గా ఉండాలి కాబట్టి ఇంజను కూడా తేలిగ్గా చేశారు, ఛాప్‌మన్ కన్ను అక్కడ పడింది. లె మాన్ 24 గంటల రేసులో 1959 నుంచి 1964 దాకా ఏటా ఆ కారు తన క్లాసులో గెలిచింది.

కానీ లోపల కూర్చుంటే డప్పులో కూర్చున్నట్టు ఉండేది. డిఫరెన్షియల్ నేరుగా ఫైబర్‌గ్లాస్‌కే బిగించడం వల్ల గోలంతా చెవిలోకే. పక్క అద్దాలు వంపు తిరిగి ఉండటంతో కిందికి దిగవు, గాలి కావాలంటే ఊడదీసి దాచుకోవాలి. కట్టిన వెయ్యి పైచిలుకు కార్లలో ఒక్కోదాని మీదా కంపెనీ నష్టపోయిందంటారు. తర్వాత 1962లో వచ్చిన ఎలాన్‌కి మధ్యలో వెన్నెముకలాంటి ఉక్కు ఛాసిస్ పెట్టి, ఫైబర్‌గ్లాస్‌ని మళ్లీ చర్మం పనికే పరిమితం చేశారు. ఎలాన్ డబ్బు తెచ్చింది, ఎలీట్ పేరు తెచ్చింది. నాకు అడిగితే ఎలీటే గొప్ప కారు, నష్టంతో సహా.

అదే 1962లో ఫార్ములా వన్‌లో లోటస్ 25. గొట్టాల అల్లిక పోయింది, అల్యూమినియం రేకుల మోనోకాక్ వచ్చింది. దాన్ని నడిపిన స్కాట్లండ్ రైతుబిడ్డ జిమ్ క్లార్క్ 1963, 1965లో ప్రపంచ ఛాంపియన్. 1967లో లోటస్ 49లో ఇంజన్నే ఛాసిస్‌లో భాగం చేసేశాడు, వెనక సస్పెన్షన్ ఇంజన్‌కే వేలాడుతుంది. 1977, 1978లో కారు అడుగునే తిరగేసిన విమానం రెక్కలా మలిచి, గాలితో కారుని రోడ్డుకి అదిమిపెట్టాడు. ఈనాటి రేసు కార్లలో మనం చూసేవాటిలో చాలా వాటికి మొదటి ముడి ఎక్కడుందని వెతికితే ఛాప్‌మన్ బల్ల దగ్గరికే వెళ్లి ఆగుతాం. గెలిచినప్పుడల్లా తన నల్ల టోపీ గాల్లోకి విసిరేవాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇది పుట్టినరోజు వ్యాసం అవుతుంది. మిగతాది కూడా చెప్పాలి.

తేలిక అంటే ఏమిటి? అవసరం లేనిది తీసేయడం. ఏది అవసరమో ఎవరు తేలుస్తారు? మనం డిజైన్ పేపర్లో ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అని ఒక అంకె తీసుకుని గుణించి ముందుకెళ్లిపోతాం. ఛాప్‌మన్ ఆ అంకెని చూసి అందులో కూడా బరువుందని గ్రహించాడు. 1960 జూన్‌లో బెల్జియంలోని స్పా దగ్గర లోటస్ 18 నడుపుతున్న స్టిర్లింగ్ మాస్‌కి వెనక చక్రం ఊడిపోయింది, రెండు కాళ్లూ విరిగాయి. 1969లో బార్సిలోనాలో కారు పైన ఎత్తుగా నిలబెట్టిన రెక్కలు విరిగి గ్రాహం హిల్, యోఖెన్ రింట్ ఇద్దరి లోటస్‌లూ ఒకే రేసులో ధ్వంసమయ్యాయి. ఆ తర్వాత రింట్ ఛాప్‌మన్‌కి ఉత్తరం రాశాడు. కొన్ని కిలోలు పెరిగినా పర్వాలేదు, బలహీనమైన భాగాలు గట్టిచేయమని, ఈ కార్ల మీద తనకి నమ్మకం పోతోందని దాని సారాంశం. అయినా మరుసటి ఏడాది లోటస్‌లోనే ఉన్నాడు. ఎందుకంటే గెలిచే కారు అదే. ఈ చిక్కుముడి రింట్‌దే కాదు, ఆ కాలపు డ్రైవర్లందరిదీ.

1970 సెప్టెంబరు 5, ఇటలీలోని మోంజా. లోటస్ 72లో ముందు బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, బాడీ లోపల ఉంటాయి. చక్రంతో పాటు ఎగిరే బరువు తగ్గుతుందని ఆ ఏర్పాటు. అందుకోసం డిస్కుకీ చక్రానికీ మధ్య ఒక షాఫ్టు కావాలి. ప్రాక్టీసులో కుడివైపు ఆ షాఫ్టు విరిగింది. కారు పక్కకి కొట్టుకుపోయి, సరిగ్గా బిగించని కంచెకి గుద్దుకుంది. రింట్‌కి 28 ఏళ్లు. అప్పటికే సంపాదించిన పాయింట్లు ఎవరూ దాటలేకపోవడంతో ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్ అతనే. చనిపోయాక ఛాంపియన్ అయినవాడు ఇప్పటికీ అతనొక్కడే. ఇటలీలో ఛాప్‌మన్ మీద కేసు నడిచింది, 1976లో నిర్దోషి అని తేలింది. కోర్టు తేల్చింది చట్టం సంగతి. షాఫ్టు సంగతి మాత్రం మనలాంటి వాళ్లు తలకెక్కించుకోవాల్సిందే. అది పొరపాటున పెట్టిన భాగం కాదు, ఎంతో తెలివిగా ఆలోచించి పెట్టిన భాగం.

దానికి రెండేళ్ల ముందే, 1968 ఏప్రిల్ 7న, జిమ్ క్లార్క్ హాకెన్‌హైమ్‌లో ఒక చిన్న స్థాయి రేసులో చెట్లలోకి దూసుకుపోయి చనిపోయాడు. టైరు గాలి పోవడమే కారణం అయ్యుంటుందని ఎక్కువమంది నమ్మకం. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో క్లార్క్ లోటస్ తప్ప ఇంకో కారు ఎక్కలేదు. ఛాప్‌మన్‌కి డ్రైవర్‌ కన్నా స్నేహితుడు. ఆ తర్వాత ఎవరితోనూ అంత దగ్గరగా లేడని తెలిసినవాళ్లు చెప్తారు.

చివరి అధ్యాయం డబ్బుది. 1978లో అమెరికన్ జాన్ డెలోరియన్ ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ దగ్గర బ్రిటిష్ ప్రభుత్వ సొమ్ముతో కార్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ కారుని తయారీకి తగ్గట్టు తిరిగి డిజైన్ చేసే పని లోటస్‌ది. పైన స్టెయిన్‌లెస్ స్టీల్ కనబడుతుంది గానీ కింద ఉన్నది లోటస్ వెన్నెముక ఛాసిస్సే, లోటస్ పద్ధతిలో పోసిన ఫైబర్‌గ్లాసే. అచ్చు మూసి, గాలి లాగేసి, రెసిన్‌ని లోపలికి పీల్పించే పద్ధతి అది, బ్రష్షు పనికి స్వస్తి చెప్పిన పద్ధతి. డిజైన్ పనికంటూ 1 కోటి 76 లక్షల డాలర్లకు పైగా జీపీడీ అనే పనామా కంపెనీ ద్వారా వెళ్లాయి. ఆ డబ్బు లోటస్ పుస్తకాల్లోకి రాలేదు. రూల్ బుక్కులో రాయనిది చదివే అలవాటు ఇంజను పోర్టు దగ్గర ముచ్చటగా ఉంటుంది. ఇక్కడ ఉండదు. బెల్‌ఫాస్ట్‌లో ఉద్యోగాలు పోయినవాళ్లకి అసలే ఉండదు.

1982 అక్టోబరులో డెలోరియన్ ఫ్యాక్టరీ మూతపడింది. డిసెంబరు 16 తెల్లవారుజామున ఛాప్‌మన్ గుండెపోటుతో నార్ఫోక్‌లోని తన ఇంట్లో చనిపోయాడు. 54 ఏళ్లు. సరిగ్గా అదే రోజు స్నెటర్టన్ ట్రాక్ మీద లోటస్ జట్టు కంప్యూటర్‌తో నడిచే యాక్టివ్ సస్పెన్షన్ కారుని మొదటిసారి పరీక్షకి తీసింది. అది అతను మొదలుపెట్టించిన పనే.

డెలోరియన్ డబ్బు కేసు పదేళ్లు సాగింది. 1992లో లోటస్ ఆర్థిక వ్యవహారాలు చూసిన ఫ్రెడ్ బుషెల్ నేరం ఒప్పుకున్నాడు, మూడేళ్ల జైలు పడింది. ఛాప్‌మన్ బతికుండి బోనులో నిలబడి ఉంటే కనీసం పదేళ్లు వేసేవాణ్ణని న్యాయమూర్తి ఆ రోజు చెప్పాడు. ఆ సొమ్ములో ఎంత ఎవరికి చేరిందో ఛాప్‌మన్ నోటి నుంచి వినే అవకాశం మాత్రం అప్పటికే లేదు.